ఒకే చెంబు, ఎన్నో మూతులు: రైఫిల్ తూటాల నంబర్ల వెనక ఉన్న కుటుంబ కథ

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. డాలస్ నుంచి గంటన్నర దూరంలో స్నేహితుడితో కలిసి ఇరవై ఎకరాలు కొన్నాడు, కొన్న ఆరు నెలలకే అడవి పందులు వచ్చి వాళ్లు వేసుకున్న తోటంతా కుళ్లగించి పోయాయి. పోయిన వారం రాత్రి పదకొండుకు ఫోన్ చేసి, "మామా, రైఫిల్ కొందామని షాపుకు పోయినా, వాడేందో .243 అంటాడు, .308 అంటాడు, 7 ఎంఎం-08 అంటాడు, .270 అంటాడు, .30-06 అంటాడు, పైగా ఇవన్నీ ఒకే ఇంటివే అంటాడు. ఒకే ఇంటివైతే ఇన్ని పేర్లేంది?" అని మొదలుపెట్టాడు.

వాడు నన్ను అడగడానికి కారణం ఉంది. నేను వేటగాడిని కాదు, ఈ దేశంలో ఉండి ఆ మాట ధైర్యంగా చెప్పుకునే వీలు కూడా లేదు. కానీ అనంతపురం దగ్గర మా ఊళ్లో మా తాతకు లైసెన్సున్న ఒంటిగొట్టం 12 బోరు తుపాకీ ఉండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని గుడ్డలో చుట్టుకుని స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు, వెనక నేను సైకిల్ పట్టుకుని పోయేవాణ్ని. కాలేజీలో ఎన్‌సీసీలో పాయింట్ టూటూ కాల్చాను. ఆ పిచ్చితో తూటాల చరిత్ర చదవడం అలవాటైంది. వాడికి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ కొంచెం సర్ది రాస్తున్నాను, ఎందుకంటే అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఈ అయోమయం వాడొక్కడిదే కాదని తెలిసింది.

## కేసు, బోరు అంటే మన సీమలో అనుకునేవి కావు

ముందు మాటలు తేల్చుకుందాం. కేసు అంటే మా వైపు కోర్టులో నడిచేది, బోరు అంటే వెయ్యి అడుగులు వేసినా నీళ్లు పడనిది. ఇక్కడ రెండూ వేరే.

మనం మామూలుగా తూటా అని పిలిచేదాన్లో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి డబ్బా ఒకటి, దాన్నే కేసు అంటారు. దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ల, ప్రైమర్. లోపల తుపాకీ మందు. మూతిలో బిగించిన బుల్లెట్. ఈ నాలుగూ కలిసినది కార్ట్రిడ్జ్. ఎగిరిపోయేది బుల్లెట్ ఒక్కటే, కేసు తుపాకీ దగ్గరే పడిపోతుంది. బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు. తూటా కూర్చునే గదిని ఛాంబర్ అంటారు, అది ఆ కేసు ఆకారానికి అచ్చు గుద్దినట్టు చెక్కి ఉంటుంది. గొట్టం లోపల మెలికలుగా గాట్లు ఉంటాయి, వాటివల్లే బుల్లెట్ బొంగరంలా తిరుగుతూ పోతుంది.

బరువును గ్రెయిన్లలో చెప్తారు. గ్రెయిన్ అంటే గింజే, ఒకప్పుడు బార్లీ గింజ తూకం. మన కంసాలి గురిగింజ లాంటిదే, కాకపోతే ఇంకా చిన్నది. దాదాపు పదిహేనున్నర గ్రెయిన్లు ఒక గ్రాము. 150 గ్రెయిన్ల బుల్లెట్ అంటే 9.7 గ్రాములు.

## తల్లి కేసు అంటే ఏమిటి

ఒక ఇత్తడి చెంబును ఊహించుకోండి. అడుగు, పొట్ట, భుజం, మెడ, మూతి. రైఫిల్ కేసు కూడా అచ్చం అదే, ఒళ్లు సన్నబడిన చెంబు. ఇప్పుడు కంసలి ఆ చెంబు అడుగు, పొట్ట ముట్టుకోకుండా మెడను మాత్రం కొట్టి సన్నం చేశాడనుకోండి, లేదా లోపల కడ్డీ పెట్టి వెడల్పు చేశాడనుకోండి. చెంబు అదే, మూతి మారింది. సన్నని మూతిలో సన్నని, తేలికైన బుల్లెట్ పడుతుంది, వెడల్పు మూతిలో లావు, బరువైన బుల్లెట్ పడుతుంది. మొదటి చెంబును తల్లి కేసు అంటారు, తర్వాతవి దాని పిల్లలు.

ఎందుకు ఇలా చేస్తారంటే, తుపాకీలో ఖరీదైన పనంతా కేసు అడుగును పట్టుకునే బోల్టు దగ్గర, తూటాను తోసే మ్యాగజైన్ దగ్గర ఉంటుంది. అడుగు కొలత మారకపోతే అవేవీ మార్చక్కర్లేదు, గొట్టం ఒక్కటి మారిస్తే కొత్త రైఫిల్ అవుతుంది. ఫ్యాక్టరీలకు ఇది లాభం, ఇంటి దగ్గర ప్రయోగాలు చేసే తుపాకీ మేస్త్రీలకు సరదా. ఏ ఫ్యాక్టరీ అధికారికంగా తయారు చేయని అలాంటి ఇంటి తూటాలను అమెరికాలో వైల్డ్‌క్యాట్లు అంటారు. వాటిలో కొన్నింటిని యాభై ఏళ్ల తర్వాత కంపెనీలు దత్తత తీసుకున్నాయి.

## పెద్దిల్లు: .30-06

1903లో అమెరికా సైన్యం .30-03 అనే తూటా తెచ్చింది, 220 గ్రెయిన్ల మొద్దుముక్కు బుల్లెట్‌తో. మూడేళ్లలోనే యూరప్‌లో కొసదేలిన బుల్లెట్లు వచ్చేసరికి ఇది పాతబడింది. 1906లో మెడ కొంచెం కత్తిరించి 150 గ్రెయిన్ల కొసదేలిన బుల్లెట్ పెట్టారు, అదే .30-06. ముప్పై అనేది బోరు (.30 అంగుళం), సున్నా ఆరు అనేది సంవత్సరం. అమెరికన్లు దీన్ని థర్టీ ఆట్ సిక్స్ అని పిలుస్తారు. దీని అడుగు వెడల్పు .473 అంగుళం, అంటే 12 మిల్లీమీటర్లు. ఈ కొలత జర్మన్ మౌజర్ తూటాలదే. అసలు ఆ 1903 రైఫిల్ విషయంలోనే అమెరికా ప్రభుత్వం మౌజర్ కంపెనీకి రాయల్టీ కట్టాల్సి వచ్చింది, కాబట్టి పెద్దింటికి కూడా పుట్టిల్లు ఒకటుంది.

ఈ ఇంట్లో పుట్టినవి చాలా. 1925లో విన్‌చెస్టర్ అనే తుపాకుల కంపెనీ మెడ సన్నం చేసి .270 తెచ్చింది (పట్టుదలగా లెక్కేసేవాళ్లు ఇది .30-03 కూతురంటారు, ఎందుకంటే కేసు పొడవు .30-06 కంటే ఒక మిల్లీమీటరు పైన ఎక్కువ). 1957లో దాని పోటీ కంపెనీ రెమింగ్టన్ .280 తెచ్చింది. .25-06 అనేది 1920 ప్రాంతం నుంచి వైల్డ్‌క్యాట్‌గా తిరిగి తిరిగి 1969లో రెమింగ్టన్ ఇంటిపేరు సంపాదించుకుంది. మెడ వెడల్పు చేసిన వైపు .35 వీలెన్, 1922 నాటిది, కర్నల్ టౌన్సెండ్ వీలెన్ పేరు మీద. అదీ 1988 దాకా ఫ్యాక్టరీ గడప తొక్కలేదు.

.280 కథ ఒకటి చెప్పాలి. ఇది అమ్ముడుపోవడం లేదని 1979లో పేరు మార్చి 7 ఎంఎం ఎక్స్‌ప్రెస్ అన్నారు. అప్పటికే 7 ఎంఎం మాగ్నమ్ అని వేరే తూటా ఉంది, రెండూ కలిసిపోయి జనం తికమకపడ్డారు. ఏడాది రెండేళ్లలోనే మళ్లీ .280 అన్నారు. లోపల సరుకు మారలేదు, డబ్బా మీద పేరే రెండుసార్లు మారింది.

## చిన్నిల్లు: .308

రెండో ప్రపంచ యుద్ధం నాటికి మందు బాగుపడింది, తక్కువ జాగాలో అదే బలం వస్తోంది. .30-06 కేసు పొడవు 63 మిల్లీమీటర్లు. అమెరికా సైన్యం దాన్ని 51కి తగ్గించి చూసింది. ఆ తూటానే 1952లో విన్‌చెస్టర్ .308 పేరుతో జనానికి అమ్మింది, తర్వాత నాటో దేశాలు 7.62 ఎంఎంగా తీసుకున్నాయి. ఇది .30-06 కూతురా చెల్లెలా అని వాదించుకునేవాళ్లున్నారు, ఎందుకంటే ప్రయోగాలు మొదలైంది .300 శావేజ్ అనే మరో పొట్టి కేసుతో. అడుగు మాత్రం అదే 12 మిల్లీమీటర్లు. నేనైతే చెల్లెలు అంటాను.

ఈ చెల్లెలికి సంతానం ఎక్కువ. 1955లోనే .243, .358 రెండూ వచ్చాయి, ఒకటి మెడ సన్నం చేసి, ఒకటి వెడల్పు చేసి. 1980లో 7 ఎంఎం-08, పేరులోనే పుట్టుక చెప్పుకునేది: ఏడు మిల్లీమీటర్ల బుల్లెట్, సున్నా ఎనిమిది అంటే .308 కేసు. 1997లో .260 రెమింగ్టన్. 2006లో .338 ఫెడరల్.

రెండిళ్ల మధ్య తేడా పొడవుదే. పెద్దింటి తూటా మొత్తం పొడవు 85 మిల్లీమీటర్ల దాకా, చిన్నింటిది 71 దాకా. అందుకని చిన్నింటి రైఫిళ్లలో బోల్టు పొట్టిగా ఉంటుంది, తుపాకీ కొంచెం తేలిక, బోల్టు లాగే దూరం తక్కువ. షాపులో షార్ట్ యాక్షన్, లాంగ్ యాక్షన్ అని చెప్పేది ఇదే.

## నంబర్లు ఎందుకు అబద్ధాలాడతాయి

మా వాడికి అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. .30-06లో, .308లో, 7.62 నాటోలో పడే బుల్లెట్ ఒకటే వెడల్పు. మూడు పేర్లెందుకు?

గొట్టంలో గాట్లున్నాయని చెప్పాను కదా. గాట్ల మధ్య ఉబ్బుగా ఉన్న చోటు నుంచి ఎదుటి ఉబ్బు దాకా కొలిస్తే .300 అంగుళం, అంటే 7.62 మిల్లీమీటర్లు. గాటు అడుగు నుంచి ఎదుటి గాటు అడుగు దాకా కొలిస్తే .308 అంగుళం. ఒకరు ఉబ్బు కొలిచి పేరు పెట్టారు, ఒకరు గాటు కొలిచి పెట్టారు. .270 ఉబ్బు లెక్క, దాని బుల్లెట్ .277. .243 బుల్లెట్ లెక్క. .260 ఏ లెక్కా కాదు, దాని బుల్లెట్ .264. .280 కూడా అంతే, బుల్లెట్ .284, అదే 7 ఎంఎం-08 బుల్లెట్. డబ్బా మీది నంబరు అమ్మడానికి పెట్టిన పేరు, కొలత కాదు. "బంగారయ్య" అని పేరున్నవాడి ఇంట్లో బంగారం ఎంతుందని అడగం కదా.

## మెడ మారితే నిజంగా ఏం మారుతుంది: చిన్నింటితో లెక్క

ఇది కాస్త నిదానంగా చూడాలి. చిన్నింటి నుంచి మూడు తీసుకుందాం, ఫ్యాక్టరీ డబ్బాల మీద మామూలుగా కనిపించే వేగాలతో.

.243లో 100 గ్రెయిన్ల బుల్లెట్, అంటే 6.5 గ్రాములు, సెకనుకు సుమారు 900 మీటర్లు. గొట్టం దాటేటప్పుడు దాని శక్తి 2,640 జూళ్ల దగ్గర. 7 ఎంఎం-08లో 140 గ్రెయిన్లు, 9 గ్రాములు, 870 మీటర్లు, 3,430 జూళ్లు. .308లో 150 గ్రెయిన్లు, 9.7 గ్రాములు, 860 మీటర్లు, 3,590 జూళ్లు.

చూడండి, చెంబు ఒకటే కాబట్టి లోపల పట్టే మందు కూడా కాస్త అటూ ఇటుగా అంతే. అయినా .243 శక్తి .308 కంటే నాలుగో వంతుకు పైగా తక్కువ. మందంతా కాలి పుట్టిన ఒత్తిడి బుల్లెట్ అడుగు మీద పడి దాన్ని తోస్తుంది. అడుగు విస్తీర్ణం ఎక్కువుంటే తోపు ఎక్కువ. సన్నని బుల్లెట్‌కు తోపు తక్కువ, కానీ అది తేలిక కాబట్టి పరుగు ఎక్కువ. అందుకే మెడ వెడల్పు చేసినకొద్దీ బరువు మోసే బలం వస్తుంది, సన్నం చేసినకొద్దీ వేగం వస్తుంది. దానికి ధర కూడా ఉంది: పెద్ద పొట్టలోని మందు మంటంతా సన్నని గొట్టంలోంచి దూరాలి కాబట్టి గొట్టం మొదట్లో ఇనుము తొందరగా అరుగుతుంది. .25-06 లాంటివాటి మీద ఈ ఫిర్యాదు పాతదే. ఏడాదికి ఇరవై తూటాలు కాల్చేవాడికి మనవడి కాలం దాకా ఆ చింత రాదు, వారం వారం రేంజికి పోయేవాడికి వస్తుంది.

ఇక తన్నుడు. 3.6 కిలోల రైఫిల్‌లో పెట్టి లెక్కేస్తే భుజానికి తగిలేది .243లో 12-13 జూళ్లు, 7 ఎంఎం-08లో 18-19, .308లో 20 దాకా. పెద్దింటి .30-06లో 180 గ్రెయిన్ల బుల్లెట్ పెడితే 27. ఈ చివరి తేడా భుజానికి బాగా తెలుస్తుంది. మధ్యలో రెంటికీ తేడా కాగితం మీదే ఎక్కువ.

శక్తి ఒక్కటే చూసినా తప్పే. అయిదు కిలోల ఇనుము గడ్డపారగా ఉంటే నేలలోకి దిగుతుంది, అదే ఇనుము సమ్మెటగా ఉంటే దిగదు. బుల్లెట్ బరువును దాని వెడల్పు వర్గంతో భాగిస్తే ఈ గడ్డపారతనం ఎంతో తెలుస్తుంది, దాన్ని సెక్షనల్ డెన్సిటీ అంటారు. బరువు పౌండ్లలో, వెడల్పు అంగుళాల్లో తీసుకుంటే .308లో 150 గ్రెయిన్లకు .226, 7 ఎంఎం-08లో 140 గ్రెయిన్లకు .248, .260లో 140 గ్రెయిన్లకు .287. బరువు తక్కువైనా సన్నగా పొడుగ్గా ఉన్నది ఎక్కువ లోతు దిగే అవకాశం ఉంది, గాలిని కూడా బాగా చీల్చుకుపోతుంది. అవకాశం అనే అంటున్నాను, ఎందుకంటే తగిలాక బుల్లెట్ ఎలా విచ్చుకుంటుంది అన్నది దాని తయారీ మీద ఉంటుంది. విచ్చుకుని ముక్కలయ్యేదానికి ఈ అంకె ఏ పనికీ రాదు.

మరి పెద్దిల్లు ఎంత ఎక్కువిస్తుంది? ఒకే 150 గ్రెయిన్ల బుల్లెట్‌ను .308 సెకనుకు 860 మీటర్లతో తోస్తే .30-06 సుమారు 887తో తోస్తుంది. 3 శాతం. 12 మిల్లీమీటర్ల అదనపు ఇత్తడికి దక్కింది అంతే. 180, 200 గ్రెయిన్ల బరువు బుల్లెట్ల దగ్గరకు పోతే ఆ పెద్ద పొట్ట ఉపయోగం కొంచెం ఎక్కువ కనిపిస్తుంది. దూరం సంగతి చూస్తే, 200 గజాలకు గురి సరిచేసి 300 గజాల దగ్గర చూస్తే .270 బుల్లెట్ 16-17 సెంటీమీటర్లు కిందకు దిగుతుంది, .308ది 21-22. బెత్తెడు కూడా లేని ఈ తేడా మీద అమెరికన్లు వందేళ్లుగా పోట్లాడుకుంటున్నారు. పందులను కాల్చేది వంద గజాల లోపే అయినప్పుడు అది కూడా ఉండదు.

## కేసు బాగున్నా మెలి తప్పితే: .244 పాఠం

1955లో ఒకే ఏడాది, ఒకే వెడల్పు బుల్లెట్‌తో రెండు తూటాలొచ్చాయి. విన్‌చెస్టర్‌ది .243, చిన్నింటి పిల్ల. రెమింగ్టన్‌ది .244, మౌజర్ 7x57 కేసు మెడ సన్నం చేసింది, పొట్ట కాస్త పెద్దది కూడా. కాగితం మీద .244దే పైచేయి. బజారులో చిత్తుగా ఓడిపోయింది.

కారణం కేసులో లేదు, గొట్టంలో ఉంది. విన్‌చెస్టర్ గొట్టంలో గాట్లు 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేవి, రెమింగ్టన్‌లో 12 అంగుళాలకు ఒకటి. పొడుగు బుల్లెట్‌ను నిలకడగా తిప్పాలంటే మెలి బిగువుగా ఉండాలి, వదులు దారం చుట్టిన బొంగరం తూలినట్టు వదులు మెలిలో పొడుగు బుల్లెట్ తూలుతుంది. .244ను చిన్న జంతువులకని తేలిక బుల్లెట్లకు సరిపెట్టారు. జింకకు కూడా పనికొచ్చే 100 గ్రెయిన్ల బుల్లెట్ కావాలన్న వాళ్లంతా .243 వైపు పోయారు. 1963లో రెమింగ్టన్ మెలి బిగించి, పేరు 6 ఎంఎం రెమింగ్టన్ అని మార్చి మళ్లీ తెచ్చింది, అప్పటికే సంత ముగిసింది.

ఇటీవలి .260 కథ కూడా ఇలాంటిదే. అదే .264 బుల్లెట్‌ను వాడే 6.5 క్రీడ్‌మోర్ 2007లో వచ్చింది. దాని కేసు .260 కంటే పొట్టి, అందుకని పొడుగు బుల్లెట్ పెట్టినా పొట్టి మ్యాగజైన్లో పడుతుంది, గొట్టాలను మొదటి నుంచే బిగువు మెలితో చేశారు. వేగంలో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా పదేళ్లు తిరిగేసరికి షాపుల్లో .260 వెతుక్కోవాల్సిన సరుకైపోయింది.

## ఎవరి వాదన ఏమిటి

.308 వాళ్లు చెప్పేది ఒకటే: ఏ ఊరి షాపులోనైనా దొరుకుతుంది, రకరకాల బుల్లెట్లతో దొరుకుతుంది, చవక. దీనికి ఎదురు చెప్పడం కష్టం. తూటా దొరకని రైఫిల్ కరెంటు లేని మోటారు లాంటిది.

7 ఎంఎం-08 వాళ్లు అదే పని కొంచెం తక్కువ తన్నుడుతో, కొంచెం మంచి గడ్డపారతనంతో అవుతుందంటారు. నిజమే, కానీ ఆ కొంచెం ఎంతో పైన చూశాం. తూటా ధర, దొరకడం దగ్గర వాళ్లు ఓడిపోతారు.

.243 మీద గొడవ పెద్దది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు, తన్నుడుకు భయపడేవాళ్లకు ఇంతకంటే మంచిది లేదని ఒక పక్షం. భయపడి కళ్లు మూసుకుని కాల్చే .30-06 కంటే ధైర్యంగా కాల్చే .243 మేలని వాళ్ల మాట. ముదురు మగపంది భుజం మీద చర్మం, కండ దళసరిగా ఉంటాయి, అక్కడ తేలిక బుల్లెట్ లోతుకు దిగక జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో నరకం పడి చస్తుందని రెండో పక్షం. ఇద్దరూ చెప్పేది నిజమే, ఒకరు కాల్చేవాడి గురించి మాట్లాడుతున్నారు, ఒకరు తగిలే చోటు గురించి.

.30-06 వాళ్లది పెద్దరికం. తేలిక నుంచి 220 గ్రెయిన్ల దాకా ఏదైనా నడుస్తుంది, రేపు ఎల్క్ (అక్కడి పెద్ద జాతి దుప్పి) వేటకు పోయినా ఇదే చాలంటారు. ఎల్క్ వేటకు పోనివాడికి ఆ మాట అనవసరం. .358, .35 వీలెన్ తక్కువ దూరంలో గట్టి దెబ్బ కొడతాయి, వాటి అభిమానులు తక్కువే గానీ మొండివాళ్లు.

నన్నడిగితే, పందుల కోసమైతే చిన్నింట్లో .308, 7 ఎంఎం-08 మధ్య ఏది చేతికి కుదిరితే అది. మిగతాదంతా టీ కొట్టు దగ్గర కాలక్షేపం.

## ఒకే అడుగు తెచ్చే ప్రమాదం

కుటుంబ పోలిక వల్ల నష్టం కూడా ఉంది. అడుగు ఒకటే కాబట్టి బోల్టు దేన్నైనా పట్టుకుంటుంది. సన్నమెడ పిల్ల వెడల్పు మెడ ఛాంబర్లో జారిపోతుంది. .308 రైఫిల్లో .243 తూటా పడుతుంది, పేలుతుంది కూడా. బుల్లెట్ గొట్టానికి ఆనకుండా పోతుంది, కేసు మెడ చిరిగి వేడి వాయువు వెనక్కి తన్నవచ్చు. .30-06లో .308 వేసినా కేసు ఛాంబర్ గోడలకు ఉబ్బి పగులుతుంది. .280ను తయారు చేసినప్పుడు రెమింగ్టన్ దాని భుజాన్ని .050 అంగుళం ముందుకు జరిపింది, ఎవరూ పొరపాటున దాన్ని .270లో పెట్టి బోల్టు మూయలేకుండా.

అన్నిటికంటే చెడ్డది మరో కుటుంబంలో ఉంది. .223 కేసును పొట్టిగా కత్తిరించి మెడ వెడల్పు చేసి .300 బ్లాకౌట్ చేశారు, రెండూ ఒకే మ్యాగజైన్లో పడతాయి. బ్లాకౌట్ తూటా .223 గొట్టంలో పడితే .308 బుల్లెట్ .224 గొట్టంలోకి దూరాలి. దూరదు. రైఫిల్ ముక్కలవుతుంది. రెండూ ఇంట్లో పెట్టుకున్నవాళ్లు మ్యాగజైన్లకు రంగు టేపులు చుట్టుకునేది అందుకే.

## ఇదంతా మన దగ్గర ఎలా కనిపిస్తుంది

మన చట్టం తూటా కుటుంబాన్ని వేరే కంటితో చూస్తుంది. ఆయుధాల నిబంధనల్లో .303, 7.62 ఎంఎం బోరు రైఫిళ్లు, వాటి సైనిక తూటా పడే ఏ రైఫిలైనా నిషిద్ధ బోరు కింద వస్తాయి. అంటే అసలు ప్రశ్న బుల్లెట్ వెడల్పు కాదు, ఛాంబర్లో ఏది పడుతుందన్నది. .308లో నాటో 7.62 తూటా పడుతుంది, కాబట్టి తలుపు మూసుకుంది. .30-06లో అదే వెడల్పు బుల్లెట్, కానీ కేసు వేరు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పౌరుల కోసమే .30-06 స్పోర్టింగ్ రైఫిల్ చేసింది. అక్కడ దేశమంతా దొరికే చెల్లెలు ఇక్కడ నిషేధం, అక్క పరవాలేదు.

మన పల్లెల్లో లైసెన్సు రైఫిల్ అంటే ఎక్కువగా వినిపించే .315 ఈ రెండిళ్లదీ కాదు. అది ఆస్ట్రియా సైన్యం వాడిన 8x50 మాన్‌లిచర్ తూటా, అడుగున అంచు ఉన్నది. సైనిక .303ను జనం చేతికి ఇవ్వకూడదని తెల్లదొరలు అనుకున్నారు కాబట్టి బిఎస్ఏ అనే ఇంగ్లండు కంపెనీ ఈ వేరే కేసుకు రైఫిళ్లు చేసి ఇక్కడ అమ్మింది, స్వతంత్రం తర్వాత మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు కొనసాగించాయి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, కాబట్టి ఇంటికో డజను పెట్టుకుని పోల్చుకునే సరదా మనకు లేదు.

తుపాకీ లైసెన్సుంటే వేటాడవచ్చని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, అది వేరు ఇది వేరు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. పంటకు, ప్రాణానికి ప్రమాదంగా మారిన జంతువు విషయంలో సెక్షన్ 11 కింద అధికారి కారణాలు రాసి అనుమతిస్తే మినహాయింపు, అదీ అన్ని జంతువులకూ కాదు. ఆలూరు, ఆస్పరి వైపు పైరు మేసిపోయే కృష్ణజింకను పంట పేరు చెప్పి కూడా కాల్చడానికి లేదు.

అమెరికాలో కూడా మనవాళ్లకు ఒక మెలిక ఉంది. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నిషేధం, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. టెక్సాస్‌లో 2019 నుంచి ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే పందుల వేటకు లైసెన్సే అక్కర్లేదు. అంటే పందికి అక్కర్లేని కాగితం తుపాకీకి కావాలి. మా వాడికి గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి గండం తప్పింది.

నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. భార్యాభర్తలిద్దరూ రేంజికి పోయి మూడూ అద్దెకు తీసుకుని కాల్చారట. .308 ఏదో, 7 ఎంఎం-08 ఏదో చెప్పకుండా ఇస్తే ఇద్దరూ గుర్తుపట్టలేదట, .243ను మాత్రం మా కోడలు మొదటి దెబ్బకే చెప్పేసిందట. ఇంకా ఏదీ కొనలేదు. పక్కన కూర్చుని అంతా వింటున్న మా అక్క ఫోన్ లాక్కుని, "ఆ డబ్బులెందుకురా తగలేస్తావు, చేను చుట్టూ పాత చీరలు కట్టు, ఇక్కడ శెనక్కాయ చేన్లకు అందరూ అదే కదా చేసేది, చీరలు లేకుంటే చెప్పు నేను పంపిస్తా" అంది.